రెండు రిపోర్టుల మధ్య ఒక ఆట

అమలాపురంలో ఒక స్కానింగ్ సెంటరు యాజమాన్యం దానమ్మగారిని ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ సంగతి ఆమెకు చెప్పకముందే కౌంటరు అద్దానికి కాగితం అంటించి జనానికి చెప్పింది: "విధి నిర్వహణ సమయంలో కంప్యూటరులో పేకాట ఆడుతున్నందున టైపిస్టు దానమ్మను తొలగించడమైనది." సంజాయిషీ అడగలేదు. విచారణ జరపలేదు. ఆ సెంటర్లో తుడిచే మనిషి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ ఇన్నేళ్ళుగా ఆమె పేరు చివర తగిలించిన 'గారు' కూడా ఆ కాగితం మీద లేదు.

ఆ వాక్యంలో అబద్ధం ఎక్కడుందో చూపించాలంటే ముందు ఆమె ఎవరో, ఆమె చేసే పని ఎలాంటిదో చెప్పాలి.

దానమ్మగారిది ముక్తేశ్వరం పక్కన ఒక పేట. తండ్రి కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. తల్లి చెట్ల కింద కాయలు ఏరి రాశి పోసేది. పిల్లను మాత్రం తోటలోకి రానివ్వలేదు. మిషన్ హాస్టల్లో ఉంచి పదో తరగతి చదివించారు. ఆ తర్వాత ఆమె బస్సు మీద అమలాపురం వచ్చి టైపు నేర్చుకుంది. లోయరూ హయ్యరూ రెండూ ఇంగ్లీషులో ప్యాసయింది. స్కూలు మాస్టారైన శ్యామ్ బాబుగారిని పెళ్ళి చేసుకుంది. ఆయన చర్చిలో సంఘ పెద్ద. ఆమె ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్తుంది. స్కానింగ్ సెంటరు తెరిచిన కొత్తలో తప్పుల్లేకుండా ఇంగ్లీషు కొట్టే మనిషి కావాలంటే వెళ్ళింది. అప్పటినుంచీ ఆ కుర్చీ ఆమెదే.

పని ఇలా నడుస్తుంది. చీకటి గదిలో డాక్టరు మనిషిని పడుకోబెట్టి చూసి, చూసింది చూసినట్టు రికార్డర్లోకి చెప్తాడు. దానమ్మగారు అది చెవుల్లో పెట్టుకుని విని రిపోర్టు కొడుతుంది. అయితే ఏ రిపోర్టూ తెల్ల కాగితం మీద మొదలవదు. అంత వ్యవధి ఎవరూ ఇవ్వరు. అంతకుముందు వచ్చిన మనిషి రిపోర్టు తెరిచి పేరు మార్చాలి, వయసు మార్చాలి, కొలతలు మార్చాలి, మారవలసిన వాక్యాలు మార్చాలి. మిగిలినవి అలాగే ఉంచేయాలి. ఒకరి కాలేయం గురించి రాసిన మాట ఇంకొకరి కాలేయానికీ సరిపోతుంది, ఇద్దరిదీ బాగున్నంతవరకు. బాగాలేని మనిషి తర్వాత బాగున్న మనిషి వస్తేనే ప్రమాదం. ముందు మనిషి రోగం ఒక్క వాక్యమైనా కొత్త కాగితంలో మిగిలిపోకూడదు.

ఒకరోజు చిన్నపిల్లాడి తల స్కానింగు వచ్చింది. డాక్టరు చెప్పిన మాటలు కొడుతూ కొడుతూ ఆమె చేతులు ఆగిపోయాయి. కాస్త గాలి పోసుకుందామని వరండాలోకి వెళ్తే, గోనెసంచీ పట్టుకున్న ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆ పిల్లాడి తండ్రి.

"ఏటండమ్మా, ఏం వచ్చిందండీ మా బాబుకి?"

చెప్పే హక్కు టైపిస్టుకు లేదు. "డాక్టరుగారు చెప్తారండీ," అని వెనక్కి తిరిగింది. తర్వాతి రిపోర్టు ఒక ముసలాయన మోకాలిది. అందులో పిల్లాడి తల గురించిన మాట ఆమె వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి. ఆమే చూసుకుంది, ఆమే చెరిపింది. రెండు రిపోర్టుల మధ్య ఏదో ఒకటి అడ్డం నిలబడాలని ఆరోజు తెలిసింది. అది కుర్చీలోంచి లేవకుండానే దొరకాలని కూడా తెలిసింది. ఎందుకంటే వరండాలో ఎప్పుడూ ఎవరో ఒక తండ్రి కూర్చునే ఉంటాడు.

పాత కంప్యూటర్లో అది దొరికింది. ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కితే తెర మీద పేకముక్కలు పరుచుకున్నాయి. ఆమె ఉలిక్కిపడింది. వాళ్ళ ఇంట్లోకి పేక ఎప్పుడూ రాలేదు. మామగారు పేక శిబిరాల్లోనే బతుకు తెల్లార్చుకున్న మనిషి కావడంతో, శ్యామ్ బాబుగారు ఆ మాటే గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. అయినా చూస్తే అందులో రెండో మనిషి లేడు. ఎర్ర ముక్క మీద నల్లది, నల్ల ముక్క మీద ఎర్రది పెట్టుకుంటూ పోవడమే. ఒక ఆట ఆడి ముసలమ్మ వెన్నుపూస రిపోర్టు తెరిచింది. తెరిచిన కాగితం మీద ఆ ముసలమ్మ ఒక్కతే ఉంది. ముందు మనిషి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే భర్తకు చెప్పేసింది. దాచడం ఆమెకు చేతకాదు.

"ఏవండీ, నేను సెంటర్లో పేకముక్కలు ఆడతన్నానండి."

శ్యామ్ బాబుగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. "ఎవరితో?"

"ఎవరితోనూ కాదండి. నేనొక్కదాన్నే, కంప్యూటర్లో."

"గెలిస్తే ఏమొస్తది?"

"మళ్ళీ రిపోర్టు కొడతాను."

"ఓడిపోతే?"

"అప్పుడూ రిపోర్టేనండి."

ఆయన మళ్ళీ అన్నం కలిపారు. "దీన్ని పేకాటంటే మా నాన్న ఒప్పుకోడు," అన్నారు. ఇద్దరి నవ్వూ ఆగాక నెమ్మదిగా, "ఆ కాస్సేపూ ప్రార్థన చేసుకోవచ్చు గదా?" అని అడిగారు.

"చేసుకుంటే వాళ్ళే వస్తారండీ. ఆ బిడ్డ పేరే వస్తది నోట్లోకి. ప్రార్థన ఇంటికొచ్చి చేస్తన్నాను. అక్కడ మాత్రం ఎవ్వరూ రాని చోటు కావాలండి నాకు."

"చర్చిలో మాత్రం అనకు," అని సంఘ పెద్ద లేచి చెయ్యి కడుక్కున్నారు.

కొన్నాళ్ళకు పాత కంప్యూటరు చెడిపోయి కొత్తది వచ్చింది. కొత్తదానిలో ఆట తెరిస్తే ఇంటర్నెట్టు కావాలంది. సిబ్బంది వీడియోలు చూస్తారని మేనేజరు ప్రభాకరరావుగారు టైపు గదికి ఇంటర్నెట్టు ఎప్పుడో కత్తిరించేశారు. ఫోన్లో ప్రయత్నిస్తే, ముక్కలు పరిచే లోపలే నోట్ల కట్టలు చేతబట్టుకున్న ఒకడు ప్రత్యక్షమై, డబ్బు పెట్టి ఆడమన్నాడు. దానమ్మగారు ఫోను బోర్లా తిప్పేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుంది. మామగారిని మింగింది ఇదే. అడగకుండానే అరచేతిలోకి వచ్చేసింది.

అందుకే నాగసతీష్‌ను అడిగింది. గడియార స్తంభం దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతనిది. సెంటరు కంప్యూటర్లన్నీ అతనే చూస్తాడు. ఏదో నేరం చెప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి అడిగితే అతను పకపకా నవ్వాడు. మర్నాడు పెన్ డ్రైవులో నాలుగైదు ఆటలు వేసుకుని వచ్చాడు.

మొదటిది తెరవగానే పెళ్ళి బ్యాండులా మోగింది. ఆమె రెండు చేతులతో స్పీకరు మూసింది. రెండోది బంగారు నాణేలు కురిపించి, రేపు కూడా వస్తే బహుమతి ఉందంది.

"రేపు రమ్మని ఇది పిలవక్కర్లేదు బాబూ. ఎలాగూ వస్తాను."

మూడోదానిలో పైన గడియారం పరిగెడుతోంది.

"గడియారం వద్దయ్యా. ప్రభాకరరావుగారు ఉన్నారు గదా, చాల్దా?"

"పేకాటకి ఇన్ని కండిషన్లు పెట్టినోళ్ళని నేనెక్కడా చూళ్ళేదండీ దానమ్మగారూ. ఇంతకీ ఏం కావాలండి మీకు?"

"చప్పుడుండకూడదు. లెక్కలుండకూడదు. ఇంకో మనిషి ఉండకూడదు. తొందరగా అయిపోవాలి. అవకపోయినా, రిపోర్టు కోసం కౌంటర్లోంచి కిటికీ తట్టగానే ఎందుకు మూస్తున్నావని అడక్కుండా మూసుకోవాలి."

"అయితే ఇదేనండి," అని నాగసతీష్ చివరిది తెరిచాడు. ఆకుపచ్చ బల్ల, దాని మీద ముక్కలు, అంతే. ఇన్నాళ్ళూ రంగు చూసి పెట్టడమే తప్ప పేర్లు తెలియవంటే కూర్చుని చెప్పాడు. "ఇది ఇస్పేటండి, ఇది కళావరు. ఎర్రయి ఆఠీను, డైమను. ఈ టోపీవోడు జాకీ."

"మరి ఈ మీసాలాయన?"

"రాజండి. గడి ఖాళీ అయితే అందులోకి ఆయనొక్కడే రావాలి. ఇంకెవర్ని పెడదామన్నా ఒప్పుకోదు."

"ఇక్కడా అంతేనా," అంది దానమ్మగారు.

అప్పటినుంచి ఒక రిపోర్టు, ఒక ఆట. అదీ కష్టమైన రిపోర్టు అయితేనే. మామూలు రిపోర్టులు వరసగా కొట్టేసేది. ఆ కాలంలో ఆమె కొట్టిన ఏ రిపోర్టులోనూ ముందు మనిషి మిగిలిపోయాడని ఎవరూ ఫిర్యాదు తేలేదు.

తర్వాత సెంటరు రెండో మిషను పెట్టింది. రెండో డాక్టరు వచ్చాడు. రెండో టైపిస్టు మాత్రం రాలేదు. అడిగితే ప్రభాకరరావుగారు చూద్దామన్నారు. చూస్తూ ఉండగానే ఒకరోజు ఆమె వెనక నిలబడి తెర చూశారు.

"ఏటండీ దానమ్మగారూ, బాగా కలుస్తున్నట్టున్నాయి ముక్కలు?"

ఆమె లేచి నిలబడింది. "ఒక్క ఆటండీ. ఇప్పుడే ఒక క్యాన్సర్ రిపోర్టు కొట్టేనండి. బుర్ర కడుక్కోకుండా రెండోది తెరిస్తే ఆ మాటలు ఇందులోకి వచ్చేస్తాయండి."

"బుర్ర కడుక్కోడానికి బయట కుళాయి ఉందండీ. మీకు జీతం ఇచ్చేది రాణుల్నీ రాజుల్నీ పేర్చడానికి కాదు గదండీ. పైగా చర్చికి వెళ్ళే మనిషి!"

"తప్పు దొర్లుతదండీ. మీరు నమ్మండి."

"ఆయ్, నమ్మేనండి. అందుకే తీయించేస్తన్నాను."

నాగసతీష్ వచ్చి తలెత్తకుండా ఆట తీసేశాడు. ఆ మేరకు సాక్ష్యం చెప్పడానికి అతను ఇప్పటికీ సిద్ధంగా ఉన్నాడు. యాజమాన్యం ఈ విషయం ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఆట పోయింది ముందు. తప్పు జరిగింది తర్వాత.

తప్పు జరిగింది. దానమ్మగారే చేసింది. ఆమె తరఫున ఇది ఎవరూ కాదనడం లేదు, ఆమె అసలే కాదనడం లేదు. విషజ్వరాల రోజుల్లా వరండా కిటకిటలాడుతున్న ఒక ఉదయం, కడుపులో బిడ్డ గుండె ఆగిపోయిన ఒకావిడ రిపోర్టు కొట్టింది. కొట్టడం పూర్తికాకముందే కిటికీ తట్టారు. వెంటనే ఆ కాగితమే తెరిచి ఐనవిల్లి నుంచి వచ్చిన విజయదుర్గ రిపోర్టు మొదలుపెట్టింది. విజయదుర్గకు నాలుగో నెల, మొదటి కాన్పు. పేరు మార్చింది, వయసు మార్చింది, కొలతలు మార్చింది. మళ్ళీ కిటికీ తట్టారు. గుండె కొట్టుకోవడం కనిపించలేదన్న ముందావిడ వాక్యం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ కాగితం డాక్టరు బల్ల మీదికి కట్టలో వెళ్ళింది. డాక్టరు కట్టంతా సంతకాలు పెట్టాడు. చదివి ఉంటే ఆ వాక్యం అతనికి కనిపించేది. ఆ ఉదయం స్కానింగులో విజయదుర్గకు బిడ్డ గుండె చప్పుడు వినిపించింది అతనే.

ముక్తేశ్వరంలో తాము చూపించుకునే లేడీ డాక్టరు దగ్గరికి విజయదుర్గా, ఆమె అత్తగారు సూర్యావతీ ఆ కాగితం పట్టుకెళ్ళారు. ఆవిడ చదివి చెప్పింది. ఆ బెంచీ మీద అత్తాకోడళ్ళు ఎంతసేపు ఏడ్చారో వాళ్ళకే తెలియదు. చివరికి విజయదుర్గే, "మరి ఆ చప్పుడు ఎవరిదండీ? పొద్దున్న నేను విన్నానండీ," అని పట్టుబట్టింది. లేడీ డాక్టరుకు అనుమానం వచ్చి తన దగ్గరున్న చిన్న మిషను కడుపు మీద పెట్టింది. గుండె కొట్టుకుంటోంది.

విజయదుర్గ ఇంటివాళ్ళు నిలదీయడంతో సెంటర్లో గొడవయింది. ప్రభాకరరావుగారు టైపు గదిలోకి వచ్చి తలుపు వేశారు. "నేను మాట్లాడేసేనండి వాళ్ళతో. మీరు మాత్రం నోరెత్తకండి. వాళ్ళని కలవడానికి వెళ్ళకండి. వెళ్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టే."

"తప్పు మనదేనండి గదా," అంది ఆమె.

"మనది అనకండి," అన్నారాయన.

మర్నాడు సెలవు పెట్టి దానమ్మగారు ఐనవిల్లి వెళ్ళింది. శ్యామ్ బాబుగారు తోడొస్తానన్నా వద్దంది. పంట కాలువ పక్కన పెంకుటిల్లు. సూర్యావతిగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. తానెవరో దానమ్మగారు చెప్పినా ఆవిడ లేవలేదు, కూర్చోమనలేదు.

"మీరేనా అమ్మా? పేకాట ఆడుకుంటా కొట్టేరంట గదా మా కోడలి కాయితం? మీ మేనేజరుగారు ఫోన్ చేసి చెప్పేరు. ముక్క కలిసిందా మరి?"

మేనేజరు మాట్లాడేసిన మాట ఏమిటో దానమ్మగారికి అప్పుడు తెలిసింది. ఎండలోనే నిలబడి చెప్పింది: "కొట్టింది నేనేనండి. ఆ మాట తీయడం మర్చిపోయింది నేనేనండి. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. కానీ ఆరోజు నేను ఆడలేదండి. ఆట అంతకుముందే తీయించేసేరు. ఆడుంటే బాగుండేదండి."

"ఇదేం మాటమ్మా? ఆడుంటే బాగుండేదంటారేంటి?"

చెప్పింది. ముందు మనిషి కాగితం తెరవడం, మార్చడం, మధ్యలో ఒక్క ఆట, వరండా, తండ్రులు, చదవకుండా కట్టలో పడే సంతకాలు, అన్నీ. సూర్యావతిగారు వింటూ వింటూ పక్కకు జరిగి అరుగు మీద చోటు చూపించారు. విజయదుర్గ గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

"అయితే ఆ మాట నాకన్నా ముందావిడదాండీ?"

దానమ్మగారు అవునన్నట్టు తల ఊపింది. పేరు మాత్రం చెప్పకూడదు.

"ఆవిడ దగ్గరికి ఎవరైనా వెళ్ళేరాండీ?"

ఎవరూ వెళ్ళలేదు. ఆవిడ కాగితం సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉన్న కాగితం గురించి సెంటరు ఎవరింటికీ వెళ్ళదు. దానమ్మగారు అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది. విజయదుర్గ లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. వెళ్ళేటప్పుడు సూర్యావతిగారు గేటు దాకా వచ్చి, "కోపం పోలేదమ్మా నాకు. కానీ మీ మీద కాదు," అన్నారు.

ఆ సాయంత్రమే ఆవిడ సెంటరుకు ఫోన్ చేసి, డాక్టరు చదవకుండా సంతకం పెట్టాడట కదా అని నిలదీశారు. మర్నాడు ఉదయం దానమ్మగారు పనికి వెళ్ళేసరికి అద్దానికి ఆ కాగితం ఉంది.

అమలాపురంలో కబురు ఇంటికి మనిషికన్నా ముందే చేరుతుంది. ఆదివారం బడికి పిల్లలు తగ్గారు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరికి జలుబు, ఒకరికి ట్యూషను. సంఘంలో ఒకాయన శ్యామ్ బాబుగారిని పక్కకు పిలిచి, "మీ నాన్నగారి అలవాటు కోడలిగారికి వచ్చిందేటండీ," అని నవ్వాడు. ఆయన ఇంటికొచ్చి ఆ మాట భార్యకు చెప్పలేదు. ఆమెకు అది అప్పటికే తెలుసు. నలుగురు పిల్లలు వస్తే నలుగురికే వాక్యం చెప్పి, చాప మడిచి, తాళం వేసి వస్తోంది. వేరే సెంటరుకు పనికోసం వెళ్తే అక్కడి ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి, "మీరేనాండీ ఆ పేకాట టైపిస్టుగారు?" అని అడిగాడు. ఉద్యోగం పోవడం ఆమె తట్టుకోగలదు. ఆ పేరును మాత్రం తట్టుకోలేకపోతోంది. అది పోకపోతే కోనసీమలో ఏ కుర్చీలోనూ ఆమెను కూర్చోనివ్వరు.

ఇక సెంటరు యాజమాన్యానికీ, మేనేజరు ప్రభాకరరావుగారికీ, ఆ కట్ట మీద సంతకాలు పెట్టిన డాక్టరుగారికీ.

మీరు చెప్పిన కారణం కాలక్రమానికే నిలబడదు. లేని ఆట తప్పు చేయించలేదు. తప్పు చేయించింది రెండు మిషన్లకు ఒక్క టైపిస్టును పెట్టిన నిర్ణయం, హెచ్చరించినా వినకుండా ఆ కాస్త విరామాన్నీ పెరికేసిన ఆజ్ఞ. ఆ తప్పును గడప దాటించింది చదవకుండా పెట్టిన సంతకం. టైపిస్టు చెయ్యి తడబడవచ్చు, అందుకే చట్టం ఆ కాగితం మీద డాక్టరు చెయ్యి కూడా ఉండాలంటుంది. మీరు ఆమెను తీసేసింది ఆడినందుకు కాదు, ఐనవిల్లి వెళ్ళి నిజం చెప్పినందుకు. అది మీకు తెలుసు.

కాబట్టి ఆ కాగితం తీసేయడంతో సరిపోదు. దాన్ని ఎంతమంది చదివారో అంతమందీ చదివేలా, అదే అద్దానికి, అదే అక్షరాల సైజులో, తొలగింపునకు చూపిన కారణం అబద్ధమని రాసి, మీ సంతకాలతో అంటించండి. దానమ్మగారిని పనిలోకి పిలవండి. రావడమో మానడమో ఆమె ఇష్టం. రెండో టైపిస్టును పెట్టండి. కష్టమైన రిపోర్టు కొట్టిన మనిషికి, తర్వాతిది తెరిచే ముందు కాసేపు ఊపిరి తీసుకునే హక్కు ఉందని రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఆ కాసేపట్లో ఆమె ముక్కలు పేర్చుకుంటుందో కళ్ళు మూసుకుంటుందో అడిగే అధికారం మీకు లేదు. ఇకనుంచి సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ డాక్టరుగారు పై వాక్యం నుంచి కింది వాక్యం దాకా చదవాలి.

ఇవన్నీ చేసే ముందు విజయదుర్గగారింటికి మీరే వెళ్ళి, మీరు ఫోన్లో చెప్పిన మాట అబద్ధమని ఆమె ముఖం చూసి చెప్పండి.